క్రీడా సంఘాన్ని నడపడం ఎలా? 4వ పాఠం: రచ్చ మొదలైన మొదటి మూడు రోజులు

కిందటి పాఠంలో అంతర్గత ఫిర్యాదుల కమిటీని ఎలా వేయాలో చూశాం. (క్రికెట్ సంఘాలవాళ్లు దీన్ని ఐసీసీ అని పిలవకపోతేనే మంచిది, సగంమంది దుబాయ్ ఆఫీసు అనుకుంటారు.) ఇప్పుడు కమిటీకి అసలు పరీక్ష. శిక్షణ శిబిరంలో కోచ్ తనను వేధిస్తున్నాడని ఒక క్రీడాకారిణి మాట్లాడిన వీడియో రాత్రికి రాత్రే వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేసింది. తెల్లారేసరికి విలేఖరుల ఫోన్లు. అధ్యక్షుడిగానో కార్యదర్శిగానో మీరేం చేయాలి?

ప్రెస్‌నోట్ తర్వాత. ముందు ఆ అమ్మాయి రిజిస్ట్రేషన్ ఫారం తీసి పుట్టిన తేదీ చూడండి. 18 నిండకపోతే, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేసి తీరాలి. ‘ముందు మనం విచారించి, నిజమని తేలితే అప్పుడు చెబుదాం’ అనే వెసులుబాటు లేదు. కింది ఉద్యోగి చేసిన నేరాన్ని పోలీసులకు చెప్పని సంస్థ బాధ్యుడికి ఏడాది వరకు జైలు పడొచ్చు. 18 నిండినామె అయితే పోలీసుల దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. వెళ్తానంటే సాయం చేయడం మీ బాధ్యత.

‘ఆమె మా ఉద్యోగి కాదుగా’ అనే మాట కార్యవర్గంలో ఎవరో ఒకరు అంటారు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం స్టేడియాన్ని, శిక్షణ కేంద్రాన్ని, పోటీలు జరిగే మైదానాన్ని కూడా పనిచేసే చోటుగానే చూస్తుంది. ఫిర్యాదు చేసే మహిళ ఉద్యోగి అయి ఉండాల్సిన పనిలేదు. కానీ వీడియో ఫిర్యాదు కిందికి రాదు, రాతపూర్వకంగా ఇవ్వాలి. చివరి సంఘటన నుంచి 3 నెలల్లోపు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలలు పొడిగించవచ్చు. అందుకే మొదటి రోజే కమిటీ అధ్యక్షురాలు ఆమెతో మాట్లాడి, రాయడానికి సాయం కావాలేమో అడగాలి. మీరు ఫోన్ చేయకండి. మీరు ఎంత మెత్తగా మాట్లాడినా అవతలికి ఒత్తిడిగానే వినిపిస్తుంది.

రెండో పని, ఆరోపణ వచ్చిన వ్యక్తిని పక్కన పెట్టడం. శిబిరం నుంచి, హాస్టల్ నుంచి, సెలక్షన్ ప్యానెల్ నుంచి తప్పిస్తారు, బాగానే ఉంది. జట్టు వాట్సాప్ గ్రూపుకు మాత్రం అడ్మిన్ ఇంకా ఆయనే! ఎవరు ఏమంటున్నారో అన్నీ చూస్తూనే ఉంటాడు. ఉత్తర్వులో ‘ఇది శిక్ష కాదు, విచారణ ముగిసేవరకు ఏర్పాటు’ అని స్పష్టంగా రాయండి. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, ‘నీ మంచికే’ అంటూ అమ్మాయిని ఇంటికి పంపేయడం. ట్రయల్స్ పోతాయి, ఫిర్యాదు చేసిన పాపానికి శిక్ష ఆమెకే పడుతుంది. బదిలీకీ 3 నెలల వరకు సెలవుకీ చట్టంలో వీలుంది, కానీ ఆమె రాసి అడిగితేనే.

అదే రోజు సీసీటీవీ ఫుటేజీ కాపీ తీయించండి. పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేస్తుంది. హాస్టల్ రిజిస్టరు, ప్రయాణ టికెట్లు కూడా కమిటీకి అప్పగించి సంతకం తీసుకోండి.

ఇక ప్రెస్‌నోట్. మామూలుగా వచ్చేది ఇలా ఉంటుంది:

‘మా సంఘంపై కొందరు కావాలనే దుష్ప్రచారం చేస్తున్నారు. సదరు కోచ్ ఇరవై ఏళ్లుగా నిస్వార్థంగా సేవ చేస్తున్నారు. ఆరోపణలు రుజువైతే కఠిన చర్యలు తీసుకుంటాం.’

మొదటి వాక్యం గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమే. రెండోది మరీ ప్రమాదం. కమిటీ సభ్యుల్లో మీ కింద పనిచేసేవాళ్లు ఉంటారు, తీర్పు ఎలా రావాలో వాళ్లకు మీరే చెప్పినట్టవుతుంది. మూడో వాక్యంలో తేదీ లేదు, ఎవరు చేస్తారో లేదు. దాని బదులు:

‘శిబిరం సిబ్బందిలో ఒకరిపై వచ్చిన ఆరోపణ మా దృష్టికి వచ్చింది. ఆ వ్యక్తిని ఈరోజు నుంచి విధులకు దూరంగా ఉంచాం. ఎవరు ఏం చెప్పుకోవాలన్నా కమిటీ అధ్యక్షురాలికి ఈ నంబరులో నేరుగా చెప్పవచ్చు. వివరాలు వెల్లడించడానికి చట్టం అనుమతించదు. మళ్లీ శుక్రవారం సాయంత్రం 5 గంటలకు మాట్లాడతాం.’

‘కోచ్’ అనకుండా ‘సిబ్బందిలో ఒకరు’ అనడం ఎందుకంటే, శిబిరంలో ఉన్నది ఒక్క కోచే అయితే పేరు చెప్పినట్టే. 2013 చట్టం 16వ సెక్షన్ ఇద్దరి పేర్లనూ, సాక్షుల పేర్లనూ, ఫిర్యాదులోని విషయాన్నీ పత్రికలకు ఇవ్వవద్దంటుంది. శుక్రవారం చెప్పడానికి కొత్త సంగతి లేకపోయినా రండి, లేదనే చెప్పండి.

ఆరోపణ అధ్యక్షుడి మీదే అయితే? స్పెయిన్ ఫుట్‌బాల్ సమాఖ్య చేసిన ప్రతి పనికీ వ్యతిరేకంగా చేయండి. 2023 ఆగస్టు 20న సిడ్నీలో మహిళల ప్రపంచకప్ గెలిచాక, పతకాల వేదిక మీద అధ్యక్షుడు లూయిస్ రుబియాలెస్ క్రీడాకారిణి జెన్నీ హెర్మోసోను పెదవుల మీద ముద్దుపెట్టుకున్నాడు. ఆమె పేరుతో సమాఖ్య మాటలు విడుదల చేసింది, అవి తానన్నవి కావని ఆమె తర్వాత చెప్పింది. 25న సమాఖ్య సభలో ‘రాజీనామా చేయను’ అని ఆయన పదేపదే అంటుంటే సభ చప్పట్లు కొట్టింది. వారం తిరిగేసరికి, చప్పట్లు కొట్టినవాళ్లలో ఒకరైన పురుషుల జట్టు కోచ్ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ సభ తర్వాత క్రీడాకారిణి మీదే చట్టపరమైన చర్యలకు దిగుతామని సమాఖ్య బెదిరించింది. 81 మంది క్రీడాకారిణులు ఆడబోమన్నారు, 26న ఫిఫా రుబియాలెస్‌ను 90 రోజులు సస్పెండ్ చేసింది, సెప్టెంబర్ 10న ఆయనే రాజీనామా ప్రకటించాడు. 2025 ఫిబ్రవరిలో కోర్టు లైంగిక దాడి నేరం కింద 10,800 యూరోల జరిమానా వేసింది. మొదటి రోజే ఉపాధ్యక్షుడికి బాధ్యతలు అప్పగించి, లెటర్‌హెడ్డునూ ప్రెస్ విభాగాన్నీ రుబియాలెస్ చేతికి అందకుండా చేసి ఉంటే సమాఖ్య ఆయనతోపాటు మునిగేది కాదు. మీ నియమావళిలో ఆ ఏర్పాటు ఉందా? లేకపోతే వచ్చే సర్వసభ్య సమావేశంలో పెట్టండి.

వేగం ఒక్కటే చాలదని ఆస్ట్రేలియా క్రికెట్ బోర్డు చూపింది. 2018 మార్చి 24న కేప్‌టౌన్‌లో బంతికి గరుకు కాగితం రుద్దిన గొడవ, 28కల్లా స్మిత్, వార్నర్‌లకు ఏడాది, బాన్‌క్రాఫ్ట్‌కు 9 నెలల నిషేధం. పని చురుగ్గానే జరిగింది. కానీ బోర్డు తీరును కూడా తప్పుపట్టిన సమీక్ష నివేదిక అక్టోబర్ 29న బయటికొచ్చింది, దానికి కొద్దిరోజుల ముందే ఛైర్మన్ మళ్లీ ఎన్నికయ్యాడు. నవంబర్ 1న దిగిపోయాడు. మన కుస్తీ సమాఖ్య అధ్యక్షుడి మీద వచ్చిన వేధింపుల ఆరోపణల వివాదంలోనూ 2023 జనవరిలో కమిటీ వేశారు. నివేదిక జనం ముందుకు రాకపోవడంతో మల్లయోధులు ఏప్రిల్ 23న మళ్లీ జంతర్‌మంతర్ దగ్గర కూర్చున్నారు.

అభ్యాసం: మీ సంఘం లెటర్‌హెడ్డు మీద పైన చెప్పిన ప్రెస్‌నోట్ నమూనాను ఐదు వాక్యాలు మించకుండా రాయండి. కమిటీ అధ్యక్షురాలి నంబరు దగ్గర ఖాళీ వదలాల్సి వస్తే, 3వ పాఠం మళ్లీ చేయండి. 90 రోజుల విచారణ ఎలా నడపాలో, నివేదిక అందాక 60 రోజుల్లో ఏం చేయాలో 5వ పాఠంలో.