సైకాలజీ రివిజన్‌కి కూర్చునే ముందు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు డిగ్రీ మొదటి ఏడాది సైకాలజీ చదివే మన పిల్లల కోసం.

- పేర్లు, సంవత్సరాలతో మొదలుపెట్టకండి. జర్మన్ మనస్తత్వవేత్త ఊంట్ 1879లో లైప్జిగ్‌లో సైకాలజీ ప్రయోగశాల పెట్టాడన్నది చివర్లో చూసుకున్నా సరిపోతుంది. ముందు పరిశోధనా పద్ధతులు.

- సహసంబంధం, అంటే రెండు విషయాలు కలిసి మారడం, కనిపించగానే కారణం దొరికిందనుకోవద్దు. మే నెలలో గోళీసోడా అమ్మకాలూ పెరుగుతాయి, కరెంటు కోతలూ పెరుగుతాయి. సోడా తాగితే కరెంటు పోదు కదా! రెండింటి వెనకా ఉన్నది ఎండ. ఇలాంటి మూడో చరాన్ని (మారే అంశాన్ని) వెతకడం అలవాటు చేసుకోండి.

- యాదృచ్ఛిక ఎంపిక, యాదృచ్ఛిక కేటాయింపు ఒకటి కావు. నా లెక్కలో ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. మొదటిది ఎవరిని అధ్యయనంలోకి తీసుకోవాలో చెబుతుంది, రెండోది తీసుకున్నవాళ్లను ఏ గుంపులో వేయాలో. పర్లాకిమిడి బజారులో తెలుగువాళ్లను మాత్రమే అడిగి గజపతి జిల్లా మొత్తం గురించి రాసేస్తే చెల్లదు. ఆ జిల్లా జనాభాలో సగానికి పైగా గిరిజనులే. అక్కడి సవర గిరిజనుల ఊళ్లకు వెళ్లకుండా శాంపిల్ ఎలా పూర్తవుతుంది?

- ఏ ప్రయోగం చదివినా మార్చింది ఏది, కొలిచింది ఏది అని పక్కన పెన్సిల్‌తో రాయండి. మొదటిది స్వతంత్ర చరం, రెండోది పరతంత్ర చరం.

- ఋణాత్మక పునర్బలనం అంటే శిక్ష కాదు, ఇబ్బంది పెట్టేది తొలగిపోవడం వల్ల ఒక ప్రవర్తన పెరగడం. సీటుబెల్టు పెట్టుకోగానే కారులో కీచుమనే మోత ఆగిపోతుంది, అందుకే మళ్లీ పెట్టుకుంటాం. ప్రవర్తన పెరిగింది, తగ్గలేదు.

- అధికారి చెబితే మనుషులు ఎంతవరకు లోబడతారో చూసిన మిల్‌గ్రామ్ ప్రయోగంతో పాటు దానిమీద వచ్చిన నైతిక అభ్యంతరాలూ చదవండి.

- ఫోన్ పక్క గదిలో పెట్టండి.