పార్కిన్సన్స్ ఉన్నవారికి మాత్రల వేళలు, భోజన వేళలు ఎలా కుదుర్చుకోవాలి?

పార్కిన్సన్స్ అనగానే చేతి వణుకే గుర్తుకు వస్తుంది గానీ, ఈ జబ్బు పేగులనూ వదలదు. మెదడు కింది భాగమైన మెడుల్లాలో బయలుదేరే వేగస్ నరం జీర్ణాశయానికి, పేగులకు ఆదేశాలు చేరవేస్తుంది. ఆ నరం మొదలయ్యే కణాల్లోనూ, పేగు గోడల్లోని నరాల్లోనూ ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రోటీన్ ముద్దలుగా పేరుకోవడంతో జీర్ణాశయం ఆలస్యంగా ఖాళీ అవుతుంది, పేగుల కదలిక మందగిస్తుంది. ఫ్రెడరిక్ లూయీ అనే జర్మన్ వైద్యుడు 1912లోనే వేగస్ నరం మొదలయ్యే కణాల్లో ఈ ముద్దలను గమనించారు. చాలామందిలో మలబద్ధకం వణుకుకన్నా ఏళ్ల ముందే మొదలవుతుంది.

పార్కిన్సన్స్‌కు ఇచ్చే ముఖ్యమైన మందు లెవోడోపా. అది ఒంటికి పట్టేది చిన్నపేగు పైభాగంలో. మాత్ర జీర్ణాశయంలోనే నిలిచిపోతే, మందు వేసుకున్నా కాళ్లు కదలవు. డోసు చాలడం లేదనుకునే ముందు వేళలు సరిచూడడం అవసరం.

ముందుగా ఒక వారంపాటు మాత్ర వేసిన సమయం, తిన్నది, ఒళ్లు తేలికైన సమయం, మళ్లీ బిగుసుకున్న సమయం, విరేచనమైన రోజు రాసిపెట్టండి. డాక్టరుకు ఆ కాగితం ఎంతో ఉపయోగపడుతుంది.

తరువాత, మాత్రను భోజనానికి అరగంట ముందుగానీ, తిన్న గంట తరువాతగానీ, కూర్చోబెట్టి నీళ్లతో ఇవ్వండి. ఉదయం ఆరున్నరకు మాత్ర వేస్తే పెసరట్టు ఏడు దాటాకే పెట్టాలి, ఎందుకంటే పప్పులు, గుడ్డు, మాంసం, పెరుగు నుంచి వచ్చే అమైనో ఆమ్లాలు పేగులోనూ, మెదడులోకి వెళ్లేచోటా లెవోడోపాతో పోటీపడతాయి. మందు ప్రభావం మధ్యమధ్య తగ్గిపోతున్నవారికి ప్రోటీనులో ఎక్కువ భాగాన్ని రాత్రి భోజనానికి మార్చమని డాక్టర్లు చెబుతారు. అంతేగాని ప్రోటీను మానేస్తే బరువు, కండ తగ్గిపోతాయి. ఐరన్ మాత్రకూ లెవోడోపాకూ కనీసం రెండు గంటల ఎడం ఉంచండి.

మలబద్ధకానికి ఆకుకూరలు, పండ్లు, నడక, తగినన్ని నీళ్లు కావాలి. మింగడం కష్టమైనవారికి ఇసబ్‌గోల్ సొంతంగా ఇవ్వకండి, గొంతులో అడ్డుపడవచ్చు.

వాంతులకు మెటోక్లోప్రమైడ్ వేయనివ్వకండి. అది మెదడులో కదలికలను నడిపే డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకుని బిగుతును పెంచుతుంది. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, గాలి కూడా పోకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లి, లెవోడోపా వేళలు అక్కడి వైద్యులకు చెప్పండి. ఆ మందు హఠాత్తుగా ఆగడం ప్రమాదకరం.