పక్షుల కోసం స్పాటింగ్ స్కోప్: పెద్దదా, చిన్నదా? ఎలా ఎంచుకోవాలి?

పులికాట్ ఒడ్డున బైనాక్యులర్స్‌తో నిలబడితే దూరాన ఫ్లెమింగోల గుంపు గులాబీ రంగు గీతగా కనిపిస్తుంది. అందంగానే ఉంటుంది. కానీ ఆ గుంపులో పిల్లలు ఎన్ని, వాటి పక్కన బురదలో తిరుగుతున్న ఉల్లంకి పిట్టలు ఏ జాతివి అని తెలుసుకోవాలంటే 8 రెట్లు, 10 రెట్లు చూపించే బైనాక్యులర్స్ సరిపోవు. అక్కడ 20 నుంచి 60 రెట్ల వరకు చూపించే స్పాటింగ్ స్కోప్, అంటే ట్రైపాడ్ మీద నిలబెట్టి ఒంటి కంటితో చూసే చిన్న టెలిస్కోప్ కావాలి. కొందామని చూస్తే మొదట ఎదురయ్యే ప్రశ్న సైజు. ముందు లెన్స్ 50 నుంచి 65 మిల్లీమీటర్లు ఉన్నవాటిని చిన్న స్కోపులు అంటారు. 80 నుంచి 100 వరకు ఉన్నవి పెద్దవి.

షాపులో చాలామంది అడిగేది "దీంతో ఎంత దూరం కనిపిస్తుంది?" అని. ఆ ప్రశ్నతో సరైన స్కోప్ దొరకదు. మీరు ఏ వేళలో చూస్తారు, ఎంత దూరం మోస్తారు అన్న రెండు విషయాలు తేలితే సైజు దాదాపు తేలిపోయినట్టే.

1. మీరు వెళ్లే చోట్లు, వేళలు కాగితం మీద రాయండి

కలల్లో ఉన్న చోట్లు వద్దు, ఏడాదిలో నిజంగా వెళ్లేవి రాయండి. హైదరాబాద్‌లో ఉండి ఆదివారం ఉదయం అమీన్‌పూర్ చెరువుకు వెళ్లేవాళ్లకు పక్షులు మరీ దూరంగా ఉండవు, 50 లేదా 65 మి.మీ. స్కోప్ హాయిగా సరిపోతుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు పులికాట్ మధ్యలోంచి వెళ్లే రోడ్డు మీద కథ వేరు. కారు ఆపి, రోడ్డు పక్కన స్కోప్ నిలబెట్టి, కొన్ని వందల మీటర్ల అవతలి పక్షుల్ని చూడాలి. మోసే పని లేదు, దూరం ఉంది. పెద్ద స్కోప్‌కు ఇంతకంటే మంచి చోటు దొరకదు. (ఆ రోడ్డు చివర ఇస్రో రాకెట్ కేంద్రం షార్ ఉంది. గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి, స్కోప్‌ను అటువైపు తిప్పకండి.)

కాకినాడ దగ్గర కోరింగ వైపు బురద మేటలకు వెళ్లేవాళ్లు స్కోప్ కంటే ముందు ఆటుపోట్ల సమయాలు చూసుకోవాలి. నీరు బాగా వెనక్కి తగ్గినప్పుడు పక్షులు కూడా నీటి అంచు వెంబడే దూరంగా వెళ్లిపోతాయి. పోటు ఎక్కుతున్నప్పుడు ఒడ్డు వైపు జరుగుతూ వస్తాయి. పోటు నిండడానికి రెండు మూడు గంటల ముందు చేరుకుని కదలకుండా కూర్చుంటే, చిన్న స్కోప్‌లో కూడా ముక్కు వంపు, కాళ్ల రంగు తెలుస్తాయి. ఎంత ఖరీదైన లెన్స్ అయినా పక్షిని ఇంత దగ్గరికి తేలేదు.

కొల్లేరులో ఆటపాక దగ్గర గూడబాతుల్ని (పెలికాన్లను) పడవలోంచి చూసేటప్పుడు ఏ స్కోపూ పనికిరాదు. పడవ ఊగుతూనే ఉంటుంది, 20 రెట్ల దగ్గర కూడా పక్షి లెన్స్‌లో నిలవదు. నల్లమల లాంటి అడవిలోనూ అంతే, కొమ్మల మధ్య పిట్టను స్కోప్‌తో పట్టేలోపు అది ఎగిరిపోతుంది. మీ జాబితాలో ఇలాంటి చోట్లే ఎక్కువగా ఉంటే ఆ డబ్బుతో మంచి బైనాక్యులర్స్ కొనుక్కోండి.

2. అంకెల అర్థం తెలుసుకోండి

స్కోప్ మీద "20-60×80" అని ఉంటే, 20 నుంచి 60 రెట్ల వరకు జూమ్ అవుతుందని, ముందు లెన్స్ వ్యాసం 80 మి.మీ. అని అర్థం. వెలుగును పోగుచేసే శక్తి లెన్స్ వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 80 మి.మీ. లెన్స్ 65 కంటే ఒకటిన్నర రెట్లు, 50 కంటే రెండున్నర రెట్లు ఎక్కువ వెలుగు పట్టుకుంటుంది.

ఆ వెలుగు మీ కంటికి ఎంత చేరుతుందో తెలియాలంటే చిన్న భాగహారం చేయండి. లెన్స్ వ్యాసాన్ని జూమ్‌తో భాగిస్తే మనం కన్ను ఆనించే ఐపీస్‌లోంచి బయటికొచ్చే వెలుగు కట్ట మందం వస్తుంది. 80 మి.మీ. స్కోప్‌ను 30 రెట్ల దగ్గర పెడితే అది 2.7 మి.మీ. 65 అయితే 2.2, 50 అయితే 1.7. పట్టపగలు మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లే తెరుచుకుని ఉంటుంది కాబట్టి ఆ వేళకు ఈ మూడింటి మధ్య తేడా చాలామందికి ఇబ్బంది అనిపించదు. తెల్లవారుజామున, సాయంత్రం పొద్దు వాలాక కంటిపాప బాగా విచ్చుకుంటుంది, ఎక్కువ వెలుగు అడుగుతుంది. పెద్ద స్కోప్ విలువ అప్పుడు తెలుస్తుంది. చీకటి పడే ముందు గూళ్లకు చేరే పక్షుల్ని, తెల్లవారగానే మేతకు లేచే బాతుల్ని చూడడం మీకు ఇష్టమైతే 80కి తగ్గకండి.

జూమ్‌ను చివరిదాకా తిప్పినప్పుడు కూడా తేడా కనిపిస్తుంది. 60 రెట్ల దగ్గర 65 మి.మీ. స్కోప్‌లో ఆ కట్ట 1.1 మి.మీ.కు పడిపోతుంది. బొమ్మ మసకబారుతుంది, ఐపీస్ ముందు కన్ను కాస్త జరిగితే నల్లగా అయిపోతుంది. అందుకే చిన్న స్కోప్ కొనేవాళ్లు 40 రెట్లకు పైన ఉన్న జూమ్‌ను లెక్కలోకి తీసుకోకపోవడం మంచిది.

3. మన ఎండను లెక్కలో వేసుకోండి

చల్లటి దేశాల్లో రాసిన సలహాల్లో దీనికి పెద్ద చోటు ఉండదు. మనకు మాత్రం ఇదే అసలు విషయం. ఎండ ఎక్కేకొద్దీ నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. వేడి గాలి, చల్ల గాలి కలిసిన చోట వెలుగు ఒక్కో క్షణం ఒక్కో రకంగా వంగుతుంది. స్కోప్‌లో పక్షి అంచులు వణుకుతాయి, కాళ్లు నీళ్లలో కరిగిపోతున్నట్టు కనిపిస్తాయి. మన తీరంలో జనవరిలో కూడా తొమ్మిది, పది దాటితే ఇది మొదలవుతుంది. రోళ్లపాడు లాంటి గడ్డి మైదానాల్లో ఇంకా ముందే.

ఈ వణుకును ఏ లెన్సూ ఆపలేదు. పైగా జూమ్ పెంచితే వణుకు కూడా అంత పెద్దదవుతుంది. అప్పుడు అందరూ 20, 25 రెట్లకు దిగాల్సిందే. ఆ జూమ్ దగ్గర మంచి 65 మి.మీ. స్కోప్‌కూ, అంతకు రెట్టింపు ధర పెట్టిన 95కూ పెద్ద తేడా కనిపించదు. కాబట్టి ఇంటి పనులు చూసుకుని తీరిగ్గా పదింటికి చెరువుకు చేరేవాళ్లు పెద్ద స్కోప్ కొంటే, ఆ అదనపు డబ్బుకు తగిన ఫలం దక్కదు. తెల్లవారకముందే అక్కడ ఉండేవాళ్లకు దక్కుతుంది.

ఒక చిట్కా: వీలైతే ఎత్తు నుంచి చూడండి. నేలపట్టులో ఉన్నట్టు వాచ్ టవర్ ఉంటే, మీ చూపు నేలను ఆనుకున్న వేడి గాలికి కాస్త పైనుంచి పోతుంది. వణుకు తగ్గుతుంది. అక్కడ గూడబాతుల గూళ్లను కూడా వాటికి టెన్షన్ పెట్టకుండా చూడొచ్చు. గూటి దగ్గరికి వెళ్లాల్సిన అవసరం లేకుండా చేయడం స్కోప్ చేసే గొప్ప మేలు.

4. మొత్తం బరువు కట్టి చూడండి

స్కోప్ బరువు ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. 50 మి.మీ. స్కోపులు చాలావరకు కిలోలోపే ఉంటాయి. 65 మి.మీ.వి సుమారు కిలోంపావు నుంచి కిలోన్నర. 80, 85కు వస్తే కిలోన్నర నుంచి రెండు కిలోల పైచిలుకు. పెద్ద స్కోప్‌కు గట్టి ట్రైపాడ్ కావాలి. స్కోప్‌ను బిగించే పైభాగం, అంటే హెడ్‌తో కలిపి అది ఇంకో రెండున్నర, మూడు కిలోలు. అంటే భుజం మీద నాలుగైదు కిలోలు, మెడలో బైనాక్యులర్స్, సంచిలో నీళ్ల సీసా. చిన్న స్కోప్, తేలికైన ట్రైపాడ్ కలిపితే రెండున్నర కిలోల్లో పని అయిపోతుంది.

కొనేముందు ఒకసారి బియ్యమో పుస్తకాలో అంత బరువు సంచిలో వేసుకుని గంటసేపు నడిచి చూడండి. బస్సులోనో బైక్ మీదో వెళ్లేవాళ్లు, పొలం గట్ల మీద నడిచేవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ గంటలోనే నిర్ణయానికి వచ్చేస్తారు. అమెరికా నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకునేవాళ్లు కూడా గుర్తుంచుకోండి, చిన్నదైతే వాళ్ల చేతి సంచిలో పడుతుంది.

5. ట్రైపాడ్ డబ్బు ముందే పక్కన పెట్టండి

స్కోప్‌కే అంతా ఖర్చు పెట్టి, ఫోన్‌తో ఫొటోలు తీసుకునే సన్నకాళ్ల ట్రైపాడ్ మీద నిలబెట్టేవాళ్లు చాలామంది. 40 రెట్ల జూమ్‌లో ట్రైపాడ్ కదలిక కూడా 40 రెట్లు కనిపిస్తుంది. పులికాట్ గాలికి అది ఇక ఆగదు. గట్టి ట్రైపాడ్ మీద ఉన్న 65, ఊగే ట్రైపాడ్ మీద ఉన్న 85 కంటే ఎక్కువ వివరం చూపిస్తుంది. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

హెడ్ విషయంలో వీడియో కెమెరాలకు వాడే ఫ్లూయిడ్ హెడ్ తీసుకోండి. నీటి వెంబడి నడుస్తున్న పక్షిని మెత్తగా వెంబడించొచ్చు. బాల్ హెడ్ అయితే బిగించడం, వదలడంతోనే సరిపోతుంది. నడిమి కడ్డీని పైకి లేపకండి, దానికి సంచి వేలాడదీస్తే గాలికి నిలుస్తుంది. గాలి మరీ ఎక్కువైతే కాళ్లు పొట్టి చేసి కింద కూర్చుని చూడండి.

6. మిగిలిన డబ్బు సైజు మీద కాకుండా గాజు మీద పెట్టండి

ఒకే ధరలో మామూలు గాజున్న 80 మి.మీ. స్కోప్, ఈడీ గాజున్న 65 మి.మీ. స్కోప్ దొరికితే రెండోదే తీసుకోండి. ఈడీ గాజు వేర్వేరు రంగుల వెలుగును దాదాపు ఒకేచోటికి చేరుస్తుంది. అది లేకపోతే తెల్లకొంగ అంచుల వెంట ఊదా, ఆకుపచ్చ చారలు కనిపిస్తాయి. ఇది అందానికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. లిటిల్ స్టింట్‌కు నల్లటి కాళ్లు, టెమ్మింక్స్ స్టింట్‌కు పసుపు ఛాయ ఉన్న కాళ్లు. రెండూ పిచ్చుకంత పిట్టలే. రంగు చెదిరిపోయే స్కోప్‌లో ఎంత జూమ్ చేసినా ఆ తేడా నమ్మకంగా చెప్పలేరు.

డబ్బు ఇబ్బంది లేకుండా, కారులో వెళుతూ, గుర్తింపు కోసం పక్షుల కాళ్లకు వేసిన చిన్న పట్టీల (ఫ్లాగుల) మీద అక్షరాలు చదవాలనో, జనవరిలో జరిగే ఆసియా నీటి పక్షుల గణనలో వేల పక్షులను జాతులవారీగా లెక్కించాలనో ఉంటే ఈడీ గాజున్న 80 లేదా 85 తీసుకోండి. ఆ పనికి అది న్యాయం చేస్తుంది. ఇంతకు మించి 95, 100 వైపు వెళ్లేది చాలా కొద్దిమంది. ఎటూ తేల్చుకోలేకపోతే 65 దగ్గర ఆగండి. మన చెరువులకు, మన ఎండకు, మన ప్రయాణాలకు ఎక్కువమందికి కుదిరేది అదే అని నా అభిప్రాయం.

7. కంటితో చూసి కొనండి

మన ఊళ్లలో స్కోపులు వరుసగా పెట్టి చూపించే షాపులు తక్కువ. హైదరాబాద్‌లో డెక్కన్ బర్డర్స్ లాంటి బృందాల నడకలకు వెళ్లండి. స్కోప్ ఉన్నవాళ్లను "అన్నా, ఒకసారి చూడొచ్చా?" అంటే కాదనేవాళ్లు అరుదు. వీలైతే చిన్నదీ పెద్దదీ పక్కపక్కన పెట్టించి ఒకే పక్షిని చూడండి, ఒకసారి పొద్దున్నే, మళ్లీ ఎండెక్కాక.

నల్లటి నీటి ముందు నిలబడ్డ తెల్లకొంగను చూసి అంచుల్లో రంగు చారలు వెతకండి. దూరాన ఉన్న బోర్డు మీద చిన్న అక్షరాల మీద ఫోకస్ చేయండి. మంచి స్కోప్‌లో అక్షరం ఒక చోట టక్కున తేటపడుతుంది. అటూ ఇటూ తిప్పుతూ ఎక్కడా తృప్తి కలగకపోతే ఆ స్కోప్‌ను వదిలేయండి. కళ్లజోడు ఉన్నవాళ్లు జోడు తీయకుండానే చూడాలి. బొమ్మ అంచులదాకా కనిపించాలంటే కంటికీ ఐపీస్‌కూ మధ్య కనీసం 15 మి.మీ. దూరం కుదిరే ఐపీస్ కావాలి.

ఐపీస్ స్కోప్‌తో పాటు తిన్నగా ఉన్నదా, పైకి వంగినదా అన్నది కూడా అప్పుడే చూసుకోండి. ఇంటిల్లిపాదీ, పిల్లలూ ఒకే స్కోప్‌లో చూడాలనుకుంటే వంగినదే మేలు. ట్రైపాడ్‌ను తక్కువ ఎత్తులో పెట్టొచ్చు, పొడుగువాళ్లు కాస్త వంగితే చాలు. కారు కిటికీలోంచి చూసేవాళ్లకు తిన్నగా ఉన్నది సులువు.

చివరగా, లోపల నైట్రోజన్ నింపి నీరు చొరబడకుండా సీలు చేసినదే కొనండి. సముద్రం దగ్గర తిరిగి వచ్చిన రోజే బయటి ఉప్పును తడి బట్టతో తుడవండి. లెన్స్‌ను మాత్రం ముందు బ్లోయర్‌తో దుమ్ము ఊది, తర్వాతే మెత్తటి బట్టతో తాకండి. వానాకాలంలో తోలు సంచిలో మూసి పెడితే బూజు పడుతుంది. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అందులో ఉంచండి. పొట్లాలను అప్పుడప్పుడూ మార్చండి.