పరాయి దేశంలో భోజనం: ఇద్దరూ ఒకేసారి మంచాన పడకండి

2024 నవంబరులో లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో ఆరుగురు విదేశీ పర్యాటకులు చనిపోయారు. మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసిన మద్యమే కారణమని అనుమానం. వాళ్లలో జంటగా వెళ్లిన స్నేహితురాళ్లూ ఉన్నారు. ఒకరికి తేడా చేస్తే రెండోవారు చూసుకుంటారన్న ధైర్యంతోనే ఎవరైనా ఇద్దరుగా బయల్దేరతారు. ఇద్దరి గ్లాసుల్లోనూ ఒకే సీసాలోది పడితే ఆ ధైర్యం ఎందుకూ పనికిరాదు.

చేతులు కడుక్కోవడం, సీల్ ఉన్న నీళ్లు తాగడం అందరికీ తెలుసు. జంటల్ని నిజంగా ముంచేది వేరే ఉంది: రిస్కున్న వంటకాన్ని చెరి సగం తినడం.

పంచుకునేవి, పంచుకోకూడనివి

కళ్లముందు పొగలు కక్కుతూ వచ్చినవి నిక్షేపంగా పంచుకోండి. నాలుగు రుచులు చూడాలంటే అదే దారి. పచ్చివి, సగం ఉడికినవి, చల్లారినవి మాత్రం ఒక్కరే తినాలి. ఆయిస్టర్లు (సముద్రపు గుల్లలు), పచ్చి చేప, లోపల ఎర్రగా ఉన్న కీమా, పచ్చి గుడ్డుతో చేసిన సాసులు ఈ లెక్కలోకి వస్తాయి. ఈ రోజు ఒకరు తింటే రెండోవారు కనీసం రెండు రోజులు ఆగాలి. స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా విషం అరగంట నుంచి 8 గంటల్లో బయటపడుతుంది, వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కు 12 నుంచి 48 గంటలు పడుతుంది, సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఆరు రోజుల దాకా నక్కి ఉండగలదు. కాబట్టి ముందు తిన్నవారు బాగున్నంత మాత్రాన ఆ వంటకం మంచిదని కాదు. అర్ధరాత్రి ఒకరు బాత్రూమ్‌లో కూలబడితే తలుపు తీసి, చెంచాతో ఓఆర్ఎస్ పట్టి, అంబులెన్సుకు ఫోన్ చేయగలిగే మనిషి ఒకరు మిగలాలి.

బఫేలో అన్నం ట్రే కనిపిస్తే గరిటె అడుగుదాకా దించి చూడండి. ఆవిరి రాకపోతే ఇద్దరూ వదిలేయండి. బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా వదిలే వాంతుల విషం అన్నాన్ని మళ్లీ వేడిచేసినా పోదు.

ఇద్దరికీ కలిపి ఒక పెద్ద చేప

కరిబియన్, పసిఫిక్ దీవుల్లో జంటలు ముచ్చటపడి చేసే ఆర్డరు ఇది. బరకూడా, పెద్ద గ్రూపర్ లాంటి పగడపు దిబ్బల చేపల్లో సిగువాటెరా విషం ఉండొచ్చు. రంగు, వాసన, రుచి ఏవీ మారవు. వండినా, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. బరకూడా అసలు వద్దు. తల, కాలేయం, గుడ్లు ముట్టుకోవద్దు. తిన్నాక చల్లటి వస్తువు తాకితే కాలినట్టు అనిపిస్తే ఆసుపత్రికి వెళ్లండి. ట్యూనా చేప నాలుక మీద మిరియంలా చురుక్కుమంటే మింగకండి, ఉమ్మేయండి.

ఇక మిగిలినవి వరసగా:

ఉచితంగా ఇచ్చే షాట్లు (చిన్న గ్లాసుల్లో పోసే మద్యం) తాగొద్దు. సీల్ మీ ముందు తీయని సీసా ఇద్దరికీ వద్దు. తాగిన మర్నాడు చూపు మసకబారినా, కళ్లముందు మంచు కురిసినట్టున్నా అది హ్యాంగోవర్ కాదు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి.

ఓఆర్ఎస్ ఆరు ప్యాకెట్లు, చెరో సంచిలో మూడు. అవి అయిపోతే లీటరు శుభ్రమైన నీటిలో తలగొట్టిన 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. ఉప్పు అంతకు మించకూడదు.

జ్వరం ఉన్నా, విరేచనంలో రక్తం పడినా విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్ర వేసుకోవద్దు.

అలర్జీ ఉంటే ఆ దేశ భాషలో కార్డు రాయించి వంటవాడి చేతికే వెళ్లేలా చూడండి. వంటకంలో ఏముందో అడిగితే చాలదు, నూనె ఏదో, సాసులో ఏముందో అడగండి. యూరోపియన్ యూనియన్‌లో 14 రకాల అలర్జీ కారకాల సంగతి రెస్టారెంట్లు చెప్పి తీరాలి, ప్రతి దేశంలోనూ ఆ నియమం ఉండదు. అలర్జీ ముదిరితే పొడుచుకునే ఇంజెక్షన్, అంటే అడ్రినలిన్ పెన్ను, వాడటం ఇద్దరికీ రావాలి. అలర్జీ లేనివారు ఆ పదార్థం తినొచ్చి ముద్దు పెట్టుకున్నా ప్రమాదమే.

ఒకరికి వాంతులు మొదలయ్యాయా, పార్శిల్‌లో మిగిలింది రెండోవారు రుచి కూడా చూడొద్దు. చేతులు సబ్బుతోనే కడగండి, నోరోవైరస్‌ మీద శానిటైజర్ సరిగా పనిచేయదు.

విమానం ఎక్కే ముందు రాత్రి పచ్చివి ఏవీ వద్దు. ఇద్దరికీ వద్దు.

గుక్కెడు నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా తెల్లారేదాకా ఆగకండి. ఏం తిన్నారో, ఎన్ని గంటలకు తిన్నారో ఫోన్‌లో రాసి డాక్టరుకు చూపించండి.