చిన్న ట్రాక్టర్‌కు హైడ్రాలిక్ వీల్ మోటార్లు మార్చాలా? ఎలా ఎంచుకోవాలి?

గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ లేకుండా ఒక్కో చక్రానికి ఒక్కో హైడ్రాలిక్ మోటార్ (పంపు నెట్టే ఆయిల్ ప్రెజర్‌తో తిరిగే మోటార్) బిగించిన చిన్న ట్రాక్టర్లు అమెరికాలో కనిపిస్తుంటాయి. మధ్యలో మడత పడుతూ మలుపు తిరిగే ఈ బండ్లు పాతబడ్డాక యజమానికి వచ్చే పెద్ద ఖర్చుల్లో ఈ మోటార్లు ఒకటి. చూడ్డానికి ఒకేలా ఉన్న మోటార్ తెచ్చి బిగిస్తే సరిపోదు. పాత మోటార్ ఎందుకు పోయిందో తెలియకుండా కొంటే కొత్తది కూడా ఆ దారినే పోతుంది.

1. ముందు మోటార్‌దే తప్పని తేల్చుకోండి

గట్టు ఎక్కేటప్పుడు ఒక చక్రం గిర్రున తిరుగుతూ మిగతావి ఆగిపోతే వెంటనే మోటార్‌ను అనుమానించకండి. నాలుగు మోటార్లకూ ఆయిల్ సమాంతరంగా, అంటే ఒకే పంపు నుంచి విడివిడి దారుల్లో వెళ్లే బండిలో, పట్టు లేని చక్రానికే ఆయిల్ పరుగెత్తుతుంది. అది ఆ ఏర్పాటు స్వభావం.

పొద్దున బాగా లాగి, ఆయిల్ వేడెక్కాక నీరసపడితే లోపల అరుగుదల ఉన్నట్టే. అయితే అరిగింది పంపు కూడా కావచ్చు. మోటార్లకు కేస్ డ్రెయిన్ పైపు (మోటార్ లోపల లీకైన ఆయిల్‌ను ట్యాంకుకు తిరిగి పంపేది) ఉంటే తేల్చడం తేలిక. ఆయిల్ వేడిగా ఉండగా, బండి లోడ్ మీద ఉన్నప్పుడు, ఒక్కో డ్రెయిన్ నుంచి నిమిషానికి ఎంత ఆయిల్ వస్తోందో కొలత డబ్బాలో పట్టి చూడండి. మూడు కొంచెం కొంచెం వదిలి, ఒకటి ధారగా పోస్తే దొంగ దొరికినట్టే. నాలుగూ తక్కువగానే వదులుతుంటే పంపు, రిలీఫ్ వాల్వ్ (ప్రెజర్ హద్దు దాటకుండా ఆయిల్‌ను వదిలేసే వాల్వ్) వైపు చూడాలి.

చక్రం జాకీ మీద ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజు ఉంటే బేరింగ్ పోయింది. లూజు లేకుండా షాఫ్ట్ దగ్గర ఆయిల్ మాత్రమే కారుతుంటే సీల్ కిట్‌తో బయటపడొచ్చు.

ఒక్క జాగ్రత్త: లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడకండి, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఆ ప్రెజర్‌లో సూదంత చిమ్మినా ఆయిల్ చర్మంలోకి దిగుతుంది. అది ఆపరేషన్ దాకా వెళ్లే గాయం.

2. పాత మోటార్ ప్లేటు చదవండి

పెయింట్ గీకితే మోడల్ నంబరు బయటపడుతుంది. చార్-లిన్ బ్రాండ్ మోటార్లపై ఈటన్ కంపెనీ పేరుంటే, ఇప్పుడు డాన్‌ఫాస్ కంపెనీ దగ్గర వెతకండి. ఈటన్ హైడ్రాలిక్స్ విభాగం 2021లో వాళ్ల చేతికి వెళ్లింది. మీకు ముఖ్యంగా కావాల్సింది డిస్‌ప్లేస్‌మెంట్, అంటే షాఫ్ట్ ఒక చుట్టు తిరగడానికి పట్టే ఆయిల్. అమెరికన్ ప్లేట్ల మీద ఇది క్యూబిక్ అంగుళాల్లో ఉంటే 16.4తో గుణించండి, సీసీల్లో వస్తుంది.

3. వేగమా, బలమా?

రెండూ ఒకేసారి పెరగవు. లెక్క చిన్నదే, కాగితం మీద వేసుకోండి.

చక్రం ఆర్‌పీఎం = మోటార్‌కు నిమిషానికి అందే ఆయిల్ లీటర్లు × 1000 ÷ సీసీ.
టార్క్, అంటే తిప్పే బలం (న్యూటన్ మీటర్లు) = సీసీ × ప్రెజర్ (బార్) ÷ 62.8.

ఉదాహరణకు పంపు 80 లీటర్లు ఇస్తోంది, నాలుగు మోటార్లూ సమాంతరంగా ఉన్నాయి, ఒక్కోదానికి 20 లీటర్లు అనుకుందాం. 300 సీసీ మోటార్ 67 ఆర్‌పీఎం తిరుగుతుంది. టైరు వ్యాసం 60 సెంటీమీటర్లయితే గంటకు ఏడున్నర కిలోమీటర్లు. 140 బార్ దగ్గర టార్క్ సుమారు 670. అదే 400 సీసీ వేస్తే టార్క్ 890కి చేరుతుంది, వేగం గంటకు 5.7 కిలోమీటర్లకు పడిపోతుంది. ఇవి కాగితం లెక్కలు. లీకేజీ, రాపిడి పోను అసలు చేతికి వచ్చేది కొంత తక్కువే.

ఒక్క మోటారే మారుస్తుంటే సీసీ మార్చే ఆలోచనే వద్దు. పక్కదానితో తేడా వస్తే బండి ఒక పక్కకు లాగుతుంది.

4. షాఫ్ట్ మీద పడే బరువు, సీల్ మీద పడే ప్రెజర్

చౌక మోటార్లు దెబ్బతినేది ఇక్కడే. లోడర్ బకెట్ నిండా మట్టి ఎత్తితే ముందు చక్రాల మీద బండి బరువులో చాలా భాగం పడుతుంది. ఆ బరువంతా మోయాల్సింది మోటార్ బేరింగే. అందుకే మామూలు ఫ్లాంజ్ (మోటార్‌ను బండికి బోల్టులతో బిగించే అంచు) ఉన్నది కాకుండా వీల్ మౌంట్ రకం అడగండి. అందులో బేరింగ్ చక్రం లోపలి వైపుకు దగ్గరగా వస్తుంది. షాఫ్ట్ పక్కనుంచి ఎంత బరువు మోయగలదో చెప్పే సైడ్ లోడ్ పట్టిక కేటలాగ్‌లో ఉంటుంది. అది చూపించలేని అమ్మకందారును నేనైతే నమ్మను.

మోటార్లు సిరీస్‌లో (ఒకదాని ఆయిల్ తర్వాతిదానికి వెళ్లేలా) ఉంటే మొదటిదాని నుంచి బయటికొచ్చే ఆయిల్ కూడా ప్రెజర్‌తోనే ఉంటుంది. డ్రెయిన్ లేకపోతే ఆ ప్రెజర్ షాఫ్ట్ సీల్‌ను నెడుతుంది. పాతదానికి డ్రెయిన్ ఉంటే కొత్తదానికీ ఉండాల్సిందే. ఆ రంధ్రాన్ని ప్లగ్‌తో మూసి వాడొద్దు.

5. కొలతలు

షాఫ్ట్ రకం (కొసకు సన్నబడే టేపర్, మధ్యలో ఇనుప ముక్క పెట్టే కీ, పళ్లు ఉన్న స్ప్లైన్), బోల్టు రంధ్రాల దూరం, పోర్టు (ఆయిల్ పైపు బిగించే రంధ్రం) మర కాలిపర్‌తో కొలిచి రాసుకోండి. ఓ-రింగ్ పోర్టులో బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు మర) ఫిట్టింగ్ బలవంతంగా తిప్పితే మర పోతుంది. తిరిగే దిశ గురించి టెన్షన్ అక్కర్లేదు, రెండు పైపులూ అటూ ఇటూ మారిస్తే చాలు.

6. బిగించేటప్పుడు

పాత మోటార్ లోపల ముక్కలై ఉంటే ఆ ఇనుప రజను పైపుల్లో ఉంటుంది. పైపులు కడిగి, ఫిల్టర్ మార్చాకే కొత్తది పెట్టండి. డ్రెయిన్ రంధ్రం గుండా మోటార్ కేస్‌లో ఆయిల్ నింపి, మొదట చక్రాలు గాల్లో ఉంచి నెమ్మదిగా తిప్పండి. టేపర్ షాఫ్ట్ అయితే, మొదటిసారి పనిచేయించాక హబ్ నట్టును టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి. కొద్దిగా వదులైనా కీ కోసుకుపోయి షాఫ్ట్‌తో పాటు హబ్ కూడా పాడవుతుంది.