నెమ్మది షట్టర్, నడిచే బండి: 3వ పాఠం – అడుగు లెక్క

గత పాఠం హోంవర్కు గుర్తుందిగా? రోడ్డు పక్కన నిలబడి, షట్టర్ 1/125 (సెకనులో 125వ వంతు) దగ్గర పెట్టి, వచ్చే పోయే ఆటోలను పానింగ్ చేయమన్నాను, అంటే బండితో పాటే కెమెరా తిప్పుతూ ఫొటో తీయమన్నాను. వందకు పది పనికొచ్చేలా వచ్చాయంటే ఈ పాఠానికి మీరు సిద్ధం. ఒక్కటీ రాలేదంటే దిగులు పడకండి, కానీ ముందుకూ వెళ్లకండి. ఇంకో రెండు సాయంత్రాలు ఆటోలకే ఇవ్వండి. పాత కార్లు ఏడాదికోసారి వస్తాయి. ఆటోలు రోజూ వస్తాయి.

ఈసారి కార్ల దగ్గరికే పోదాం. ఏటా నవంబర్ మొదటి ఆదివారం లండన్ నుంచి బ్రైటన్ దాకా పాత కార్ల ప్రయాణం ఒకటి జరుగుతుంది. 1905కు ముందు తయారైన బళ్లకే అందులో చోటు. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో మోటారు బండికి ముందు ఒక మనిషి నడుస్తూ పోవాలని చట్టం ఉండేది. 1896 నవంబర్ 14న ఆ నిబంధన పోయింది, వేగ పరిమితి గంటకు 14 మైళ్లకు పెరిగింది. ఆ రోజే కొందరు సంబరంగా బ్రైటన్‌కు కార్లు తోలుకెళ్లారు. దాని జ్ఞాపకార్థమే ఈ ప్రయాణం, 1927లో మళ్లీ మొదలుపెట్టారు. ఇది పందెం కాదు. ఎవరు ముందు చేరారన్న లెక్కే ఉండదు. సుమారు 60 మైళ్ల దారిలో, పోలీసులు ఆపనిచోట ఎక్కడ నిలబడ్డా చూడొచ్చు. టికెట్ అక్కర్లేదు.

ఫొటోలు నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి బడి లేదు. ఇంతకంటే మోసపుచ్చేదీ లేదు. ఎందుకో నా సంగతి చెబుతాను.

మొదటిసారి వెళ్లినప్పుడు తెల్లవారకముందే లేచి, చలిలో వణుకుతూ, నాలుగు వందల ఫొటోలు తీశాను. బండి కదులుతోంది కదా అని షట్టర్ 1/500 పెట్టాను. ఒక్క ఫొటో కూడా మసకబారలేదు. ఇత్తడి దీపాలు, తోలు సీట్లు, టోపీ పెట్టుకున్న తాతలు, అన్నీ అద్దంలా వచ్చాయి. గర్వంగా మా మామయ్యకు పంపాను. ఆయన రాజమండ్రిలో ముప్పై ఏళ్లు అంబాసిడర్ నడిపిన మనిషి. గంట తర్వాత ఫోన్ చేసి, "ఏరా, బళ్లన్నీ దారి మధ్యలో ఆపేశారేంటి, పెట్రోలు అయిపోయిందా?" అన్నాడు.

ఆయన ఎగతాళి చేయలేదు. నిజంగానే అడిగాడు. ఆ ఫొటోల్లో కారు కదులుతోందని చెప్పేది ఏదీ లేదు. అప్పటి నుంచి ప్రతి ఫొటోకూ నేను పెట్టే పరీక్ష అదే: ఇది మామయ్య చూస్తే పెట్రోలు సంగతి అడుగుతాడా?

ఇక లెక్క. పానింగ్‌లో కెమెరా కారుతో పాటు తిరుగుతుంది కాబట్టి కారు నిలకడగా, వెనక ఉన్నది గీతలుగా వస్తుందని 1వ పాఠంలో చూశాం. ఆ గీత ఎంత పొడవు రావాలి? కారు ఫ్రేమ్ నిండా ఉందనుకోండి. షట్టర్ తెరుచుకున్నంతసేపట్లో కారు ఎంత దూరం జరిగిందో, గీత కూడా ఇంచుమించు అంతే పొడవు ఉంటుంది, కారుతో పోల్చి చూస్తే. కారు ఒక అంగుళం జరిగితే అంగుళం గీత. అది ఎవరికీ కనపడదు. ఒక అడుగు జరిగితే కంటికి ఆనుతుంది. మూడడుగులు జరిగితే వెనకంతా పట్టు చీర మీద రంగులు కలిసిపోయినట్టు ఉంటుంది, కానీ అంతసేపు కారును నిలకడగా పట్టడం మన చేతుల్లో లేదు.

అందుకే నా కొలమానం ఒక అడుగు. దీనికో తేలిక దారి ఉంది. కారు గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగంతో పోతోందో, ఆ అంకెను భిన్నం కింద పెట్టండి. 30 కి.మీ. వేగమైతే 1/30. 60 అయితే 1/60. ఇలా ఎప్పుడు పెట్టినా షట్టర్ మూసుకునేలోపు కారు దాదాపు 28 సెంటీమీటర్లు జరుగుతుంది, అంటే అడుగుకు కాస్త తక్కువ. కావాలంటే కాగితం మీద వేసి చూసుకోండి: గంటకు 30 కి.మీ. అంటే సెకనుకు 8.3 మీటర్లు, దాన్ని 30తో భాగిస్తే 0.28.

నా 1/500 ఎందుకు తేలిపోయిందో ఇప్పుడు తెలిసిందిగా. బ్రైటన్ దారిలో బళ్లు గంటకు 20 మైళ్ల సగటు దాటకూడదు. అంటే సుమారు 32 కి.మీ. ఆ వేగంలో 1/500కు కారు రెండు సెంటీమీటర్లు కూడా జరగదు. మామయ్య తప్పేముంది? చౌమహల్లాలో నిజాం గారి పసుపు రోల్స్ రాయిస్‌ను 1/500లో తీయండి, ఎవరూ ఏమీ అనరు. అది నిజంగానే ఆగి ఉంది.

రేసు కార్ల ఫొటోలు తీసి అలవాటైనవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ఇంగ్లండ్‌లోనే గుడ్‌వుడ్ అనే చోట సెప్టెంబర్‌లో రివైవల్ పేరుతో పాత రేసు కార్ల పోటీలు జరుగుతాయి. ఆ సర్క్యూట్‌లో 1948 నుంచి 1966 దాకా పందేలు నడిచాయి, ఇప్పుడు పరుగెత్తేవీ ఆనాటి రకాల కార్లే. అక్కడ 150 కి.మీ. వేగంతో పోయే కారుకు 1/160 పెడితే గీతలు బ్రహ్మాండంగా వస్తాయి. అదే 1/160ను బ్రైటన్ దారికి మోసుకొస్తే సగానికి సగం చచ్చిన ఫొటోలే. వేగంగా పోయేదాన్ని తీయడమే కష్టమని అందరూ అనుకుంటారు. నా మటుకు నత్తనడక బండే కష్టం. దానికి షట్టర్ ఎక్కువసేపు తెరవాలి, తెరిచినంతసేపూ మన చేతి వణుకు అందులో పడుతూనే ఉంటుంది.

చక్రాల మాటకొద్దాం. ఆ కాలపు కార్లలో చాలావాటికి చెక్క చక్రాలు, ఎడ్లబండికి ఉన్నట్టే ఆకులు. చక్రం వ్యాసం 75 సెం.మీ., ఆకులు పన్నెండు అనుకుందాం. ఆకుకూ ఆకుకూ మధ్య 30 డిగ్రీలు. మన అడుగు లెక్కతో తీస్తే కారు 28 సెం.మీ. జరిగేలోపు చక్రం 42 డిగ్రీలు తిరుగుతుంది. అంటే ప్రతి ఆకూ పక్క ఆకు చోటును దాటిపోతుంది, ఆకులన్నీ కలిసి పల్చని పొగలా మిగులుతాయి. కొందరికి అదే ఇష్టం. నాకు మాత్రం చెక్క చక్రంలో ఆకు ఉన్నట్టు కాస్తయినా తెలియాలి, లేకపోతే సైకిల్ రిమ్ముకు పళ్లెం బిగించినట్టు ఉంటుంది. అందుకని 30 కి.మీ. బండికి 1/30లో కొన్ని తీశాక, 1/60లోనూ కొన్ని తీస్తాను. అప్పుడు ఆకు 21 డిగ్రీలే తిరిగి, విసనకర్రలా విచ్చుకుంటుంది. గీతలు సగానికి తగ్గుతాయి, ఒప్పుకుంటాను. రెండూ తీసి ఇంటికెళ్లాక తేల్చుకోండి.

ఎత్తు ఎక్కే చోట బండి 15 కి.మీ.కు పడిపోతుంది. ఒకే సిలిండర్ ఉన్నవైతే మనిషి నడకకు దిగుతాయి, పక్క సీటాయన దిగి తోయడమూ చూశాను. అక్కడ 1/15. నేర్చుకునేవాళ్లు ఎత్తు మీద నిలబడొద్దని నా సలహా. ఎత్తు దిగాక చదునుగా ఉన్న చోటు చూసుకోండి.

వెనక ఏముండాలి? కంచె దగ్గరగా ఉందా, కొండ దూరంగా ఉందా అన్నది గీత పొడవును మార్చదు. మీరు నిలబడ్డ చోటే ఉండి కెమెరా తిప్పుతున్నారు కాబట్టి, కదలనివన్నీ ఒకే పొడవున సాగుతాయి. కావాల్సింది వెలుగునీడల తేడా. తెల్లటి మబ్బు పట్టిన ఆకాశం ముందు ఎంత బాగా పానింగ్ చేసినా ఏమీ కనపడదు, తెల్లగోడ మీద తెల్లసున్నం వేసినట్టే. నవంబర్‌లో అక్కడ చెట్ల ఆకులు పసుపు, రాగి రంగులకు తిరిగి ఉంటాయి. వాటి సందుల్లోంచి వెలుగు చుక్కలుగా వస్తుంటే ఇక అంతకంటే ఏం కావాలి. రంగురంగుల కోట్లు వేసుకున్న జనం కూడా మంచి నేపథ్యమే.

ఇప్పుడు ఒళ్లు. మన పాదాలు బండి వచ్చే వైపు కాదు, బటన్ నొక్కబోయే వైపు తిరిగి ఉండాలి. బండి దూరంగా కనపడగానే పాదాలు కదపకుండా నడుము మాత్రం దానివైపు తిప్పండి. మోచేతులు పక్కటెముకలకు ఆనించండి. బండి దగ్గరపడే కొద్దీ నడుము దానంతటదే విప్పుకుంటూ వస్తుంది, సరిగ్గా ఎదురుగా వచ్చేసరికి ఒళ్లు తేలికపడుతుంది. అప్పుడు నొక్కండి. తిరగేసి చేస్తే, అంటే బండి వైపు నిలబడి ఎదురుగా వచ్చేసరికి మెలిక పడితే, సరిగ్గా నొక్కే క్షణంలో ఒళ్లు బిగుసుకుంటుంది.

నొక్కాక ఆగకండి. బంతి వదిలాక కూడా బౌలర్ చెయ్యి తిరుగుతూనే ఉంటుంది కదా, అలా బండి దాటిపోయేదాకా తిరుగుతూనే ఉండండి. కొత్తవాళ్ల ఫొటోలు చెడేది ఎక్కువగా ఇక్కడే. "క్లిక్" వినపడగానే పని అయిపోయిందని చెయ్యి ఆగుతుంది. 1/30లో ఆ శబ్దం వచ్చేటప్పటికి షట్టర్ ఇంకా తెరిచే ఉండొచ్చు.

కంటికి ఒక గురి కావాలి. బండంతా చూడొద్దు. ముందు దీపమో, నడిపేవాడి గడ్డమో ఒక్కటి పట్టుకుని, ఫోకస్ చుక్కను దాని మీదే ఉంచండి. ఫోకస్ ఆగకుండా వెంటాడే మోడ్‌లో ఉండాలి. మూడు నాలుగు ఫ్రేముల చిన్న బర్స్ట్ చాలు. ఇరవై ఫ్రేములు గుద్దితే వ్యూఫైండర్ మిణుకు మిణుకుమంటూ గురి తప్పుతుంది. లెన్స్‌లో వణుకు తగ్గించే ఏర్పాటు ఉంటే పానింగ్‌కు పనికొచ్చే మోడ్ పెట్టండి, చాలా లెన్సుల్లో అది రెండో మోడ్. అది పైకీ కిందకీ ఊగడాన్నే సరిచేస్తుంది, పక్కకు తిరగడాన్ని వదిలేస్తుంది. మోడ్ లేకపోతే ఆపేయడమే మేలు.

బండికి మరీ దగ్గరగా, వైడ్ లెన్స్‌తో నిలబడొద్దు. బండి మీ ముందు నుంచి పోతున్నప్పుడు దాని ముక్కు ఒక వేగంతో, తోక మరో వేగంతో తిరిగినట్టుంటుంది. ముక్కు బాగుంటే తోక అదురుతుంది. పది మీటర్ల దూరం, 70 మి.మీ. లెన్స్ ఉంటే ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో అయిదు మీటర్ల వెడల్పు పడుతుంది. ఆ బళ్లకు అది చాలు.

ఇంత చేసినా ఒకటి మన చేతిలో లేదు. ఒకే సిలిండర్ డి డియాన్ బూతాన్ గానీ, స్టీరింగ్ చక్రం బదులు కర్ర పిడితో నడిచే పాత ఓల్డ్స్‌మొబీల్ గానీ వస్తే చూడండి, బండంతా జ్వరం వచ్చినట్టు వణుకుతుంటుంది. మీ పానింగ్ నూటికి నూరు కుదిరినా దీపాలు, మడ్‌గార్డులు రెండు రెండుగా వస్తాయి. ఆ ఫొటోలు పారేయకండి. ఆ వణుకు ఆ బండిదే. నడిపేవాడి మొహం నిలబడితే చాలు.

వెలుతురు గురించి ఎక్కువ చెప్పను. ఎస్ లేదా టీవీ మోడ్ (షట్టర్ మనం పెడితే మిగతాది కెమెరా చూసుకునేది), ఐఎస్‌వో (వెలుతురుకు సెన్సర్ స్పందించే కొలత) 100 ఖాయంగా పెట్టేయండి. మబ్బు పట్టిన పొద్దున 1/30కి ఎపర్చర్, అంటే లెన్స్ లోపలి రంధ్రం, ఎఫ్8, ఎఫ్11 మధ్య వస్తుంది (అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), సుఖంగా ఉంటుంది. ఎండ వచ్చిందా, ఎపర్చర్ ఎఫ్22కు పోయి ఫొటో మెత్తబడుతుంది, సెన్సర్ మీది దుమ్మంతా చుక్కలై తేలుతుంది. అప్పుడు మూడు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురును ఎనిమిదో వంతుకు తగ్గించే నల్లద్దం) తగిలిస్తే మంచి ఎండలో కూడా ఎఫ్11 దగ్గరకు దిగుతుంది. మన ఎండలకు అది సంచిలో ఉండాల్సిందే. ఫోన్‌తో తీసేవాళ్లకు ఎపర్చర్ మూసుకునే వీలు సాధారణంగా ఉండదు కాబట్టి, తెల్లవారుజామో సందెవేళో చూసుకోండి.

సైలెంట్ షట్టర్, అంటే చప్పుడు చేయని ఎలక్ట్రానిక్ షట్టర్, మాత్రం వాడొద్దు. ఎందుకో చెప్పడానికి వందేళ్లు వెనక్కి పోవాలి. ఝాక్ ఆంరీ లార్తీగ్ అనే ఫ్రెంచి కుర్రాడు, 1910ల తొలి ఏళ్లలో గ్రాండ్ ప్రీ పందెంలో దూసుకుపోయే కారును తీశాడు. అందులో చక్రం కోడిగుడ్డులా ముందుకు వాలి ఉంటుంది, వెనక జనం, స్తంభాలు దానికి ఎదురు పక్కకు వాలి ఉంటాయి. ఆయన కెమెరా షట్టర్ ఒక సన్నని సందు. అది ఫ్రేమ్ ఒక అంచు నుంచి రెండో అంచుకు జరిగేలోపు కారు కొంత దూరం పోయింది. కెమెరాను తిప్పాడు గానీ కారంత వేగంగా తిప్పలేకపోయాడు. కాబట్టి కారు ఒకవైపు, జనం రెండోవైపు వాలిపోయారు. మన కెమెరాల ఎలక్ట్రానిక్ షట్టర్ కూడా చాలావాటిలో వరుస వరుసగానే చదువుతుంది, పానింగ్‌లో వెనక స్తంభాలు అలాగే వాలతాయి. లార్తీగ్ ఫొటో నాకు ప్రాణం. కానీ వాలడం మీరు కోరుకున్నప్పుడు రావాలి, కోరనప్పుడు కాదు.

ఒక జాగ్రత్త. ఆ బళ్లలో చాలావాటికి బ్రేకులు వెనక చక్రాలకే, అవీ అంతంతమాత్రం. ఫ్రేమ్ బాగా కుదరాలని రోడ్డు మీదకు అడుగు పెట్టొద్దు. నడిపేవాళ్ల కళ్లలోకి ఫ్లాష్ కొట్టొద్దు.

హోంవర్కు. బ్రైటన్ పోలేనివాళ్లకు ఇంటి ముందు రోడ్డు చాలు. రోడ్డు అంచున ఇరవై అంగలు కొలిచి రెండు గుర్తులు పెట్టుకోండి, దాదాపు 15 మీటర్లు. బండి ఒక గుర్తు నుంచి రెండో గుర్తుకు ఎన్ని సెకన్లలో వచ్చిందో ఫోన్‌లో చూడండి. రెండు సెకన్లయితే 27 కి.మీ., అంటే 1/30 పెట్టాలి. ఒక్క సెకనైతే 54, అంటే 1/60. అలా పది బళ్లు కొలిస్తే పదకొండో బండికి ఫోన్ అక్కర్లేదు, కళ్లే చెబుతాయి. తర్వాత ఒకే రకం బండిని, ఆటో అయినా ఆర్టీసీ బస్సు అయినా, 1/125, 1/60, 1/30, 1/15 వద్ద యాభై చొప్పున తీయండి. 1/30లో నాకు ఇప్పటికీ పదికి రెండే నిలబడతాయి, 1/15లో ఒకటి వస్తే ఆ రోజు పండగ. నాలుగు వరుసల్లోంచి ఒక్కో ఫొటో ఏరి, కెమెరా అంటే తెలియని మనిషికి చూపించి, బండి ఆగి ఉందా పోతోందా అని మాత్రం అడగండి.

4వ పాఠంలో కదిలే కారులో కూర్చుని, పక్కన పోయే కారును తీద్దాం. దానికి నడిపే మనిషి ఒకరు వేరే కావాలి, ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.