శబ్దాలు తెచ్చుకునే ముందు: యానిమేషన్ చిత్ర బృందాలకు కొన్ని జాగ్రత్తలు

మామూలు సినిమా చిత్రీకరణలో కెమెరా పక్కనే మైకు ఉంటుంది కనుక ఎంతో కొంత చప్పుడు దానంతటదే వచ్చి చేరుతుంది. యానిమేషన్‌లో ఆ వెసులుబాటు లేదు. బొమ్మ అడుగు వేసినా, మేక చెవులు విదిల్చినా, గాలికి గోనెసంచి కదిలినా ఆ శబ్దాన్ని మనమే ఎక్కడినుంచో తేవాలి. కర్నూలులో మేము నలుగురం కలిసి చేసిన తొమ్మిది నిమిషాల చిత్రానికి చివర్లో లెక్క తీస్తే నాలుగు వందలకు పైగా శబ్దపు ముక్కలు తేలాయి. వాటిలో ఒక్కటి మమ్మల్ని రెండు వారాలు ఆపేసింది.

రెండో సన్నివేశంలో ముసలమ్మ బావిలో నీళ్లు చేదుతుంది. గిలక కిర్రుమనే చప్పుడును నేనే ఏదో సైటు నుంచి దించుకుని, వెతుక్కోవడం తేలికవుతుందని ‘గిలక_కొత్తది_2’ అని పేరు మార్చి పెట్టాను. చలనచిత్రోత్సవానికి పంపేటప్పుడు, చిత్రంలోని ప్రతి అంశం మీదా హక్కులు మా వద్ద ఉన్నాయని దరఖాస్తులో సంతకం చేయమన్నారు. ఆ ముక్క ఎక్కడిదో, దాన్ని పెట్టినవారెవరో, ఏ షరతు మీద ఇచ్చారో మా నలుగురిలో ఒక్కరికీ తెలియదు. చేసేది లేక దాన్ని తీసేసి, ఊరి బయట తోటలో ఇంకా వాడుకలో ఉన్న గిలకబావి దగ్గరికి వెళ్లి కొత్తగా రికార్డు చేసుకొచ్చాము.

అందుచేత మొదటి జాగ్రత్త చిట్టా రాసుకోవడం. ఫైలు అసలు పేరును మార్చకుండా, అవసరమైతే దాని చివర మీ పేరు చేర్చుకోండి. పెట్టినవారి పేరు, లింకు, దించుకున్న తేదీ, లైసెన్సు రకం, వాడిన సన్నివేశం అదే రోజు ఒక పట్టికలో ఎక్కించి, ఆ పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సును, అంటే తమ కృతిని ఇతరులు ఏ షరతు మీద వాడుకోవచ్చో ముందే చెప్పే అనుమతిని, ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదన్నది నిజమే కానీ, పెట్టినవారు రేపు ఆ శబ్దాన్ని తొలగిస్తే, నిన్న ఇచ్చారని చూపవలసిన బాధ్యత మనదే అవుతుంది.

ఇక లైసెన్సుల సంగతి. ‘ఉచితం’ అన్న మాటను మనవాళ్లు రెండు అర్థాల్లో కలిపేసుకుంటారు. డబ్బు అడగకపోవడం వేరు, షరతు పెట్టకపోవడం వేరు. బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయం 2005లో మొదలుపెట్టిన ఫ్రీసౌండ్ అనే శబ్దాల సైటులో ఏ శబ్దానికైనా పైసా అడగరు, అయినా ఒక్కొక్క దానికి ఒక్కొక్క షరతు ఉంటుంది. సీసీ జీరో అని ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు. పేరు చెప్పమన్న సీసీ బై ఉంటే చిత్రం చివరి పేర్లలో ఆ వ్యక్తి పేరు, శబ్దం పేరు, లైసెన్సు పేరు రావాలి. ఎన్‌సీ అని ఉంటే వాణిజ్య అవసరానికి పనికిరాదు. మన చిత్రం అమ్మకానికి కాదు కదా అని సమాధానపడితే, రేపు యూట్యూబులో ప్రకటనలు వచ్చినప్పుడో, ఏ ఓటీటీ వాళ్లో అడిగినప్పుడో మళ్లీ మొదటికి రావాలి. అందుకే ఎన్‌సీ శబ్దాలను నేను అసలు ముట్టను.

చాలామందికి తెలియని చిక్కు ఇంకొకటి ఉంది. శబ్ద రికార్డింగును కదిలే బొమ్మకు సమయం కలిపి జోడిస్తే, ఆ శబ్దాన్ని ఒక్క పిసరు కూడా మార్చకపోయినా, అది మార్పు చేసిన కృతే అవుతుందని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు పాఠమే స్పష్టంగా చెబుతోంది. కాబట్టి మార్పులు చేయరాదన్న ఎన్‌డీ శబ్దాలు సినిమాకు పనికిరావు, అదే లైసెన్సుతో పంచాలన్న ఎస్‌ఏ శబ్దం ఒక్కటి వాడినా మొత్తం చిత్రాన్ని అదే షరతు మీద వదలవలసి వస్తుంది. పది సెకన్ల కుక్క అరుపు కోసం సినిమాను రాసివ్వడమంటే అదే.

పెట్టినవారి మీద కూడా ఒక కన్ను ఉండాలి. ఏ మైకుతో, ఏ ఊళ్లో, ఎప్పుడు రికార్డు చేశారో నాలుగు మాటలు రాసినవారిని నమ్మవచ్చు. వివరమేమీ లేకుండా ‘సినిమా పేలుడు, బాగుంది’ అని రాసి ఉంటే, అది ఏ సినిమా నుంచో వీడియో గేమ్ నుంచో కోసుకొచ్చింది కావచ్చు. తనది కాని దానిమీద ఆయన పెట్టిన లైసెన్సు మనల్ని కాపాడదు. పెద్ద సంస్థ పేరు చూసి కూడా తొందరపడకూడదు. బీబీసీ 2018లో వేల కొద్దీ శబ్దాలను అందరికీ తెరిచింది కానీ, ఆ ఉచిత అనుమతి సొంత వాడకానికి, చదువుకు, పరిశోధనకు మాత్రమే. వాణిజ్య చిత్రానికి విడిగా కొనుక్కోవాలి.

డబ్బు పెట్టి కొనే లైబ్రరీల్లో ‘రాయల్టీ ఫ్రీ’ అంటే ఒకసారి చెల్లిస్తే ప్రతి ప్రదర్శనకూ మళ్లీ చెల్లించనక్కరలేదని అర్థం. దాన్ని ‘ఉచితం’ అని చదువుకోకూడదు. లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో చూడాలి. సౌండు చూసే మిత్రుడు తన పేరున కొన్న ప్యాకును పెన్‌డ్రైవులో అందరికీ పంచితే చాలా లైసెన్సుల ప్రకారం అది ఉల్లంఘనే. నెలనెలా చందా కట్టే చోట్ల, చందా ఆగాక పాత చిత్రం సంగతేమిటో, కొత్త చిత్రం సంగతేమిటో నిబంధనల్లో ముందే చదువుకోవాలి.

ఇవన్నీ సరిగ్గా చూసుకున్నా ఒక లోటు మిగులుతుంది. పరాయి దేశపు లైబ్రరీలో ‘పల్లె ఉదయం’ అని వెతికితే వచ్చే పిట్టలు మన పిట్టలు కావు. రాయలసీమ బీడు మీద జెముడుకాకి ‘గుప్ గుప్’మనే చోట ఇంగ్లండు తోటలోని పిట్ట కూస్తే, కారణం చెప్పలేకపోయినా చూసేవాడి చెవికి తేడా తెలిసిపోతుంది. అనంతపురం జిల్లాలో వేరుశనగ కట్టె యంత్రంలో పడే గరగర, నల్లరేగడి చెక్కలై పగిలిన నేల మీద చెప్పుల చప్పుడు కొనబోతే దొరకవు. దసరా నుంచి ఉగాది దాకా కోతలూ జాతరలూ వరసగా వస్తాయి కనుక మైకు బయటికి తీయడానికి మంచి కాలమూ అదే, పొరపాట్లు జరిగే కాలమూ అదే.

కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర సాయంత్రం రద్దీని ఇరవై నిమిషాలు రికార్డు చేసి ఇంటికొచ్చి వింటే, ఆటోల హారన్ల వెనక టీకొట్టు స్పీకరులో సినిమా పాట పూర్తిగా వినిపించింది. శబ్ద రికార్డింగు మీద మన దేశంలో హక్కు, విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఉంటుంది. ఆ ఇరవై నిమిషాల్లో పాట లేని నలభై సెకన్లు ఏరుకోవడానికి పట్టిన సమయంలో తెల్లవారుజామున ఇంకోసారి వెళ్లి రావచ్చు. బయట రికార్డు చేసేటప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని అక్కడే వినాలి. దసరా రాత్రి జనం కర్రలతో తలపడే దేవరగట్టు బన్ని ఉత్సవంలో కర్రల చప్పుడు కావాలని మాలో ఒకరికి బాగా కోరిక. అర్ధరాత్రి కర్రలు ఆడే జనం మధ్యకు రికార్డరు పట్టుకుని వెళ్లవద్దన్నాము. పెరట్లో రెండు వెదురు కర్రలతో చేసుకున్న చప్పుడే చిత్రంలో ఉంది, ఎవరూ పట్టుకోలేదు.

డప్పు, ఉరుము వాద్యం, చెక్కభజన కళాకారుల చేత వాయింపజేస్తే అది వట్టి శబ్దం కాదు, వారి ప్రదర్శన. కాపీరైటు చట్టం కళాకారులకు విడిగా హక్కు ఇచ్చింది. డబ్బు ఇచ్చి, తెలుగులో ఒక కాగితం రాసి, చదివి వినిపించి సంతకం తీసుకోండి. ఆ కాగితంలో కాలం, ప్రాంతం రెండూ తప్పక రాయాలి. 1957 కాపీరైటు చట్టంలోని 19వ సెక్షను ప్రకారం కాలం రాయకపోతే అనుమతి 5 ఏళ్లకే పరిమితమవుతుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే చెల్లుతుంది. స్నేహితుడు రికార్డు చేసి ఇచ్చిన శబ్దానికైనా ఇదే లెక్క. ‘అన్నా, మన మధ్య కాగితాలెందుకు’ అంటే నవ్వుతూనే కాగితం ముందు పెట్టాలి.

సాంకేతికంగా ఒక్క మాట. 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48 వేల నమూనాలు), 24 బిట్ వేవ్ ఫైళ్లే తీసుకోండి. 44.1 కిలోహెర్ట్జ్‌లో ఉన్న ఫైలును సరిగా మార్చకుండా 48 టైమ్‌లైనులో వేస్తే శ్రుతి (పిచ్) దాదాపు 9 శాతం పెరిగి, ముసలమ్మ దగ్గు పిల్లదాని దగ్గులా వినిపిస్తుంది.

చిత్రం పూర్తయ్యాక విడుదలకు పది రోజుల ముందే యూట్యూబులో ప్రైవేటుగా ఎక్కించి చూడండి. సక్రమంగా కొన్న శబ్దం మీద కూడా కంటెంట్ ఐడీ (ఇతరులు నమోదు చేసిన శబ్దాలను యూట్యూబు తనంతట పోల్చి పట్టే వ్యవస్థ) అభ్యంతరం రావచ్చు, అప్పుడు చిట్టాలోని వరుస, పీడీఎఫ్, రశీదు మూడూ జతచేసి వివాదం దాఖలు చేయాలి. అలాగే మీ చిత్రపు శబ్దాన్ని మీరే కంటెంట్ ఐడీలో నమోదు చేయించబోతే ఆగండి, అందులో పదిమందికీ దొరికే లైబ్రరీ శబ్దాలు ఉన్నంతవరకు వాటిమీద మీకు ప్రత్యేక హక్కు లేదు.